ఎదురుచూపుల ఆవిడ

పాత రేవు వీధి చివరి ఇంట్లో ఆమె చిరిగిన వలలు కుట్టేది. మొగుడు వేటకెళ్లి తుఫానులో చిక్కుకున్నాడు. గాలి తగ్గాక ఇసుక తిన్నెల అవతల శవం దొరికింది. ఆమె ఏడవలేదు. దుఃఖంతో నోరు పడిపోయిందనుకున్నారు ఊళ్లోవాళ్లు. నిజానికి పెళ్లయ్యాక మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. అతను తడి తాడుతో కొట్టిన దెబ్బలకు ఆమె ఎడమ చెయ్యి పూర్తిగా చాపలేకపోయేది.

మరిది విహారయాత్రల వ్యాను నడిపేవాడు. తిన్నెలు, పాత లైట్‌హౌసు, చేపలు ఎండబెట్టే రాతి గట్లు చూపించాక ఇక చూపించడానికి ఏమీ ఉండేది కాదు. ఒకరోజు వదిన గుమ్మం ముందు వ్యాను ఆపి, "మా అన్న శవం దొరకలేదండీ. ఈవిడ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది" అన్నాడు. వ్యానులోని ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

వాళ్లు వెళ్లాక ఆమె నిలదీసింది. "అదేంటయ్యా, మనమే కదా మట్టి చేశాం?"

"నీదేం పోయింది వదినా? కాస్త సముద్రం వైపు చూస్తూ కూర్చో, చాలు. ఉంటున్నది నా ఇంట్లోనేగా."

కూర్చుంది. గవ్వల కొట్లు లేచాయి, లాడ్జి లేచింది.

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే అతనికి భార్య పోయింది. పని దిగి వెళ్తూ ఆ గుమ్మం దగ్గర ఆగేవాడు.

"ఎవరికోసం చూస్తున్నావ్?"

"నీకోసమే అంటే మా మరిది వ్యాను ఎక్కడ ఆపుకుంటాడు?"

ఇద్దరూ పగలబడి నవ్వేవారు. చివరికి పెళ్లి చేసుకుందామనుకున్నారు.

మరిది కేకలేయలేదు. కొట్టు కొట్టుకూ తిరిగి, "ఆవిడ పెళ్లి చేసుకుంటే మన నోట్లో మట్టే" అన్నాడు. మర్నాడే ఐసు ఫ్యాక్టరీ అతన్ని పనిలోంచి తీసేసింది. అతను ఆమెతో, "బట్టలు సర్దుకో, పొద్దున్నే వెళ్లిపోదాం" అని చెప్పాడు. పొద్దున్న ఆమె మూట కట్టుకుని కూర్చుంటే, చేపల లారీ డ్రైవరు వచ్చాడు.

"ఇక రాడమ్మా. నిన్న తిన్నెల మీద పట్టుకుని చావగొట్టారు. బస్టాండులో దింపొచ్చాను. నీ ముఖం చూడలేనన్నాడు."

కాసేపటికి వ్యాను వచ్చింది. ఆమె లేచి యాత్రికులకు ఎదురెళ్లింది.

"మా ఆయన చచ్చాడు. శవాన్ని నేనే చూశాను. నన్ను గొడ్డును బాదినట్టు బాదేవాడు. నేనెవరికోసమూ చూడట్లేదు!" వంకర తిరిగిన చెయ్యి ఎత్తి చూపించింది.

ఒకావిడ ఆమెను కావలించుకుని, "అయ్యో, ఎంత పిచ్చి ప్రేమో!" అని వెక్కిళ్లు పెట్టింది. మరిది గొంతు తగ్గించి, "మతి చెడిందండీ పాపం" అన్నాడు.

వెనక నుంచి ఒకాయన ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "ఇంకోసారి అనమ్మా. వీడియో తియ్యలేదు."

ఆమె నోరు మూసుకుంది. మళ్లీ ఎవరితోనూ మాట్లాడలేదు. వల ముందేసుకుని కూర్చునేది, కుట్టేది కాదు. వచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగేవారు. కొన్నాళ్లకు దగ్గు పట్టుకుంది. ఒక వర్షాకాలం తెల్లవారుజామున పోయింది.

కర్మలయ్యాక మరిది తన భార్యకు పాత చీర కట్టించి ఆ గుమ్మంలో కూర్చోబెట్టాడు.

"ఎంతసేపు కూర్చోవాలి?" అంది ఆమె.

"వ్యాను వెళ్లేదాకా. కదలకు."