అమ్మను పేరుతో పిలిచిన పెట్టె

మొన్న మా అమ్మాయి తన మొదటి ప్రోగ్రాం రాసి చూపించింది. మన పేరు అడిగి, ఆ పేరుతో హలో చెప్పే నాలుగు వరుసలు. చూడగానే ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర మేడమీది కంప్యూటర్ సెంటర్, అక్కడి కొత్త ప్లాస్టిక్ వాసన గుర్తొచ్చాయి.

మా సుజాతక్క అక్కడ కోర్సు నేర్చుకునేది. పత్తి ఏరే రోజుల్లో ఆమెను మాన్పించడానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది.

"గీ డబ్బ ముంగట కూసుంటె పత్తెవరు ఏరుతరే? లే, పోదాం," అంది అమ్మ.

అక్క ఏవో అక్షరాలు కొట్టి, తెర మీద వచ్చింది చదివింది: "హలో లక్ష్మమ్మా!"

ఊళ్లో అందరికీ అమ్మ 'సుజాత తల్లి'. కట్టుకున్న మా బాపు కూడా 'ఇగో' అనే పిలిచేవాడు.

"గీనికి నేనెట్ల ఎరుక?" అంది అమ్మ.

లోపల ఎవరో ఉన్నారనుకుని నేను తెర వెనక్కి తొంగిచూశాను. అమ్మ మెల్లగా స్టూలు మీద కూర్చుంది.

"ఇంకోసారి పిలువమనవే."

అక్క మళ్లీ పిలిపించింది. కాసేపటికి అమ్మ లేచి, "నువ్వు నేర్సుకో. పత్తి నేనేరుకుంట," అని నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

మనం కొట్టిన పేరునే యంత్రం తిరిగి చూపిస్తుందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. ఆ రోజు అమ్మను పేరుపెట్టి పిలిచింది అక్కే.