సగం కప్పు, రెండుసార్లు

రెండు వారాల కింద మంగళవారం మధ్యాహ్నం, మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ఆండర్సన్‌పేట వెళ్ళే తొందరలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. ఫోన్ మోగింది. మా పాత హోటల్ హెడ్ బేరర్ కూతురు.

"ఇంగ మీరు టీ తాపేదానికి రావద్దు చిన్నాయనా. నాయన పోయినాడు."

అంతే అంది. ఆ గొంతులో దుఃఖం ఉంది, కాదనను. దాని కింద ఇంకొకటి కూడా ఉంది. దాన్ని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. ముప్పై ఏళ్ళు నా కడుపులో పెట్టుకుని పెంచినదాన్ని ఇంకొకరి నోట వింటే తెలియదా? అది అసూయ.

పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను, ఆయన దగ్గర ఉన్నదీ అదే. ఆ మంచిని చూసి నేనెంత కుళ్ళుకున్నానో రాయకపోతే మాత్రం అబద్ధమవుతుంది.

మేమంతా ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్ళం. ఊరిగాం రోడ్డులో మా హోటల్ ఉండేది. బోర్డు మీద బార్ అండ్ రెస్టారెంట్ అని రాసి ఉండేది. కేజీఎఫ్ బంగారు గనులు సర్కారువి అయ్యాక తెల్లదొరలు వెళ్ళిపోయారు కానీ వాళ్ళ సాయంత్రపు టీ మాత్రం ఊళ్ళో ఉండిపోయింది. ఒకప్పుడు క్లబ్బు లోపల దొరలకే దక్కిన మర్యాద మా హోటల్లో ఎవరికైనా దక్కేది. మధ్యాహ్నం భోజనాలు అయిపోగానే బార్ వైపు తెర దించేసేవాళ్ళం. సీసాల వాసన పోవడానికి ఊదుబత్తి వెలిగించేవాళ్ళం. బల్లల మీద ఉతికిన తెల్లగుడ్డలు పరిచేవాళ్ళం. మూడింటికల్లా పింగాణీ కెటిల్లో టీ, సాసరు మీద పూలబొమ్మల కప్పు, వెన్న రాసిన బ్రెడ్డు, వేడి కట్‌లెట్. అయిదు దాటితే తెర మళ్ళీ లేచేది, తెల్లగుడ్డలు మాయమయ్యేవి, అదే బల్లల మీద బ్రాందీ గ్లాసులు.

నేను పనిలో చేరినప్పుడు అన్నకు ముప్పై అయిదేళ్ళుంటాయి. ఎడమ చేతిలో ఆరు కప్పులు సాసర్లతో సహా పట్టుకుని బల్లల మధ్య నడిచేవాడు. ఒక్క చుక్క తొణికేది కాదు. ప్రతి కప్పునూ గోటితో కొట్టి వినేవాడు, పగులుంటే గొంతు మారుతుందట. తమిళం వాళ్ళతో తమిళం, కన్నడం వాళ్ళతో కన్నడం, మాతో తెలుగు. మొదటి రోజు నాకు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "కప్పు పెడితే సప్పుడు రాకూడదప్పా. మనం వచ్చినామని వాళ్ళకి తెలియకూడదు. టీ వచ్చిందని తెలియాల."

నేను కప్పు పెడితే వీధి చివరికి వినబడేది. అదొక కుళ్ళు. కానీ నా అసలు మంట అక్కడ మొదలు కాలేదు. మా నాయన దగ్గర మొదలైంది.

మా నాయన చాంపియన్ రీఫ్స్ గనిలో, భూమి లోపల, రాయి తొలిచే మిషన్ పట్టేవాడు. మందు ముట్టడు. శనివారం పొద్దుటి షిఫ్టు అయ్యాక ఇంటికొచ్చి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మా హోటల్‌కి టీకి వచ్చేవాడు. "బార్‌కి పోయి టీ తాగి వచ్చే మొగోడు కేజీఎఫ్ మొత్తంలో నువ్వొకడే" అని గని కార్మికుల లైనిళ్ళలో మా ఇరుగుపొరుగువాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. నాయన నవ్వేవాడు. గని లోపల ఫ్లాస్కు మూతలో తాగి తాగి, వారానికొక్కసారి పూలకప్పులో తాగాలని ఆయనకి కోరిక. ఆయనకున్న ఒకే ఒక్క సోకు అది.

బల్లలు పంచుకోవడం మా హోటల్ పద్ధతి. వాకిలి వైపు నాలుగు బల్లలు నావి, కిటికీ వైపు నాలుగు అన్నవి. ఒకరి బల్ల జోలికి ఇంకొకరు పోకూడదు. నేను చేరాక వచ్చిన మొదటి శనివారం, నా బల్లల్లో మంచిదాన్ని రెండుసార్లు తుడిచి, కుర్చీ కొంచెం వెనక్కి లాగి ఉంచాను. నాయన వచ్చాడు. నన్ను చూసి తల ఊపాడు. నా నాలుగు బల్లలూ దాటుకుని వెళ్ళి అన్న చివరి బల్ల దగ్గర, గోడ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనబడింది.

తర్వాతి శనివారమూ అంతే. ఆ తర్వాతా అంతే.

వంటింటి కిటికీలోంచి మా వంటమేస్త్రీ వదిలేవాడా? "ఏమప్పా, పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదేనేమో! మీ నాయనకి నీ చేతి టీ చేదుగా ఉండాదా?" నవ్వేశాను. ఆ నవ్వు ఎంత కష్టమో నాకే తెలుసు.

ఒకే ఇంట్లో ఉంటూ నేను నాయన్ని సరిగా చూసేది ఆ ఒక్క గంటే. ఆయన పొద్దున గనిలోకి దిగేటప్పటికి నేను నిద్రలో ఉండేవాణ్ణి, నేను ఇల్లు చేరేటప్పటికి ఆయన నిద్రలో ఉండేవాడు. ఆ గంటా అన్న పాలయింది. ఇద్దరూ ఏవో గుసగుసగా మాట్లాడుకునేవాళ్ళు. నాయన భుజాలు నవ్వుతో కదిలేవి. ఇంట్లో నాతో ఆయన అలా నవ్విన గుర్తు లేదు.

నేను గమనించినది ఇంకొకటుంది. అన్న మా నాయనకి కప్పు నిండా పోసేవాడు కాదు. సగమే. ఆఫీసర్లకి, కాంట్రాక్టర్లకి అంచు దాకా పోసే మనిషి మా నాయనకి సగం కప్పు! మన ఇళ్ళల్లో సగం గ్లాసు ఎవరికిస్తాం? రావడం మనకి ఇష్టం లేనివాళ్ళకి. కాసేపాగి మళ్ళీ వెళ్ళి ఇంకో సగం పోసేవాడు. అలా రెండుసార్లు ఆ బల్ల దగ్గరికి వెళ్ళి, రెండుసార్లు కబుర్లాడి, మా నాయన్ని బుట్టలో వేసుకుంటున్నాడని లెక్క తేల్చుకున్నాను. కుళ్ళుబోతు బుద్ధికి లెక్కలు భలే తేలిగ్గా తేలతాయి.

ఒక శనివారం అన్న సెలవు పెట్టి ముళబాగిలు దగ్గర తన ఊరికి వెళ్ళాడు. ఆ రోజు కిటికీ బల్లలు కూడా నావే. పండగొచ్చినట్టు ఉంది నాకు. నాయన వచ్చాడు. అన్న కనబడకపోయేసరికి వాకిట్లోనే ఆగిపోయాడు. వెనక్కి తిరగబోయాడు కూడా. నేను ఎదురెళ్ళి, "రా నాయనా, నీ బల్ల ఖాళీగానే ఉండాది" అని కూర్చోబెట్టాను.

నా ప్రేమంతా కప్పులో చూపించాను. కొత్త కప్పు తీశాను. చిక్కగా టీ కలిపి, ఇంకొక్క చుక్క వేస్తే పొర్లిపోతుందన్నంత నిండుగా పోశాను. ఆ రోజు సప్పుడు కూడా రాలేదు. పెట్టి పక్కనే నిలబడ్డాను.

నాయన ఆ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. చేతులు రెండూ బల్ల కిందే ఉన్నాయి.

"తాగు నాయనా, ఆరిపోతాది."

"నీకు పనుంటే చూసుకో పో అప్పా."

"నాకేం పని లేదు."

ఆయన నా మొహం వైపు చూడలేదు. టీ మీద మీగడ కట్టింది. "పొద్దుపోయింది, మీ అమ్మ చూస్తుంటాది" అని లేచి, ముట్టని కప్పు అలాగే వదిలేసి వెళ్ళిపోయాడు. తర్వాత రెండు శనివారాలు రానే లేదు.

అన్న ఊరినుంచి రాగానే వంటింటి వెనక నిలదీశాను. "మా నాయనకి ఏం మందు పెట్టినావన్నా? నా చేత్తో పోస్తే ముట్టనే లేదే!"

అన్న కోప్పడలేదు. భుజం మీది గుడ్డ తీసి చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "నీకు పోసేది ఇంగా రాలేదప్పా. వచ్చినప్పుడు నీకే తెలుస్తాది."

దానికన్నా చెంపదెబ్బ నయం. పని తెలియనివాడినన్నాడు కదా అని నెలల తరబడి ఆయనతో పని మాట తప్ప వేరే మాట ఆడలేదు. ఆయన మాత్రం నా కోసం కట్‌లెట్ ఒకటి పక్కన దాచిపెట్టడం మానలేదు. నేను తినడమూ మానలేదు, అది వేరే సంగతి.

నాయన పోయిన తర్వాత, కర్మలన్నీ అయ్యాక, ఒకరోజు అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని తనంతట తానే చెప్పింది.

"మిషన్ పట్టీ పట్టీ మీ నాయన చేతులు ఒకటే వొణుకురా. ఇంట్లో నేను చెంబుతో ఇచ్చేదాన్ని, రెండు చేతులా పట్టుకుని తాగేవాడు. ఆ కప్పు చెవిలో వేలు దూర్చి పట్టేది ఆయనతో ఏమయితాది? ఆ అన్నే సగం సగం పోసేవాడంట, తొణకకుండా. కొడుకు చూడకూడదని గోడ పక్కకి తిరిగి కూర్చుండేవాడు."

అక్కడ నాకు కృతజ్ఞత కలగాలి. అన్న కాళ్ళకి దండం పెట్టాలి. నిజం చెబుతున్నాను, కడుపు అంతకు ముందుకంటే ఎక్కువ మండింది. అప్పటిదాకా అన్న నా నుంచి తీసుకున్నది మా నాయన నవ్వొక్కటే అనుకున్నాను. ఆయన వణుకు కూడా అన్నకే దక్కిందని అప్పుడు తెలిసింది. నేను నిండా పోసి, పక్కన నిలబడి, తాగు తాగు అన్నాను. ఆ రోజు బల్ల కింద ఉన్న చేతులు ఇప్పటికీ నా కళ్ళముందు ఉన్నాయి.

ఈ సంగతి అన్నని అడగలేదు. ఆయనా చెప్పలేదు. గనులు మూతపడ్డాయి, టీకి వచ్చే జనం పలచబడ్డారు, కొన్నాళ్ళకి హోటల్ కూడా మూసేశారు. అన్న ఆండర్సన్‌పేటలో కూతురింటికి చేరాడు. పండగలకి పలకరించుకునేవాళ్ళం, అంతే.

పోయినేడాది చివర్లో కబురు పెట్టాడు. వెళ్ళి చూస్తే మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆరు కప్పులు మోసిన ఆ చెయ్యి ఒళ్ళో పడుకోబెట్టినా నిలకడగా లేదు. వణుకుడు జబ్బట. కూతురు స్టీలు గ్లాసు నిండా టీ తెచ్చి పెట్టింది. ముట్టలేదు. "తలుపేసి పోమ్మా, మేం మాట్లాడుకోవల్ల" అన్నాడు. ఆ అమ్మాయి వెళ్ళాక, అలమార వైపు గడ్డం ఊపాడు. మా హోటల్ పూలకప్పు అక్కడుంది. "నువ్వు పొయ్యప్పా" అన్నాడు.

సగం పోశాను. తాగాడు. మళ్ళీ సగం పోశాను.

"పోసేది వచ్చేసిందే నీకు" అని నవ్వాడు. తర్వాత అన్నాడు. "ఈ చేత్తో కప్పు పట్టేది బిడ్డ చూడకూడదు. చిన్నప్పట్నుంచీ నా చెయ్యి చూసే పెరిగింది. నీకయితే మీ నాయన చేతుల సంగతి తెలుసు గదా."

అప్పటినుంచి రోజూ మూడింటికి వెళ్ళేవాణ్ణి. అన్నం ఆ అమ్మాయి కలిపి నోట్లో పెట్టేది, స్నానం చేయించేది, రాత్రింబవళ్ళు చాకిరీ తనదే. టీ మాత్రం నాది. నేను గుమ్మంలోకి రాగానే ఆమె లేచి బయటికి వెళ్ళేది. వెళుతూ ఒకరోజు అననే అంది. "ఏం మహిమ ఉండాది చిన్నాయనా మీ చేతిలో? నేనిస్తే పండ్లు బిగించుకుంటాడే!"

ఆ పూట చెప్పేసి ఉండొచ్చు. సగం పోసి మొహం తిప్పుకో తల్లీ అంటే సరిపోయేది. చెప్పలేదు. అన్న వద్దన్నాడని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. జీవితంలో మొదటిసారి ఒక మనిషి అందర్నీ కాదని నన్ను ఎంచుకున్నాడు. తలుపు లోపలి వైపు నేనున్నాను. ఆ సుఖం వదులుకోబుద్ధి కాలేదు. మా నాయన బల్ల దగ్గర అన్నకీ ఇదే సుఖం ఉండేదా అని ఆలోచన వచ్చి, ఆయన్ని చూసి మళ్ళీ కాస్త కుళ్ళుకున్నాను కూడా.

పదకొండో రోజు వెళ్ళాను. పటం ముందు ఆకు వేసి, ఆయనకి ఇష్టమైనవన్నీ పెట్టారు. కట్‌లెట్ కూడా ఉంది. ఆ అమ్మాయి పూలకప్పు తెచ్చి, ఇంకొక్క చుక్క వేస్తే పొర్లిపోయేటట్టు టీ పోసి, పటం ముందు పెట్టింది. సప్పుడు రాలేదు. తండ్రి చెయ్యి ఆమెకి వచ్చింది.

ఆ నిండు కప్పు చూడగానే నా వల్ల కాలేదు. చెప్పేశాను. మా నాయన సంగతి, బల్ల కింద చేతులు, గోడ వైపు కుర్చీ, సగం కప్పు, అన్న చెప్పిన మాట, నేను దాచిన మాట, అన్నీ. ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

"మీ నాయన మీ చేత తాగకపోతే మీకెట్లుండె?"

"మండిపోయిందమ్మా."

"తెలిసీ నన్ను మండనిచ్చినారు గదా."

ఆమె వంగి కప్పు తీసుకుంది. సగం టీ కెటిల్లోకి వంపింది. కప్పు అంచు కొంగుతో తుడిచి, పటం ముందు మళ్ళీ పెట్టింది. తను మాత్రం గోడ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. నా వైపు చూడకుండానే అంది.

"మీరు కొంచేపు బయటికి పోండి చిన్నాయనా. ఇంగో సగం నేనే పోస్తాను."

బయటికి వచ్చాను. వెనకాలే ఆమె లేచి తలుపు దగ్గరికి వేసింది. మూడు దాటింది. నేను చెప్పులు వేసుకోకుండా, లోపల కెటిల్ మూత కదిలే సప్పుడు కోసం వింటూ గడప అవతల నిలబడ్డాను.