తీతువు గుడ్లు

పని మీద సికింద్రాబాద్ వెళ్లినప్పుడు, ఒక ఉదయం సైనిక్‌పురి అవతలి చిట్టడవిలో పిట్టల్ని చూస్తూ తిరుగుతున్నాను. ఒక తీతువు నా తల మీదుగా అరుస్తూ ఎగిరింది. మా శ్రీకాకుళంలో ఆ అరుపు అపశకునమంటారు. జంకి వెనక్కి అడుగు వేయబోయాను.

“ఆగుండ్రి సారూ! కాలు పెట్టకుండ్రి!”

మేకలకు గడ్డి కోస్తున్న ఒక ముసలమ్మ కేకేసింది. తిరిగి చూస్తే నా మడమ వెనకే, గులకరాళ్లలో కలిసిపోయి నాలుగు మచ్చల గుడ్లు ఉన్నాయి.

“దీని అరుపు మంచిది కాదంటారు కదమ్మా?” అన్నాను.

“గట్లెందుకంటరు? గుడ్లు తొక్కుతరేమోనని తల్లి మొత్తుకుంటున్నది. మన పిల్లలైతే మనం మొత్తుకోమా?”

గుడ్ల చుట్టూ ఉన్న గడ్డిని ఆమె కోయకుండా వదిలేసింది. మేమిద్దరం దూరం జరిగాక తీతువు దిగివచ్చి గుడ్ల మీద కూర్చుంది. నేను ఆమెకు దండం పెట్టాను. నాలుగు ప్రాణాల ఉసురు తగలకుండా నన్ను కాపాడింది ఆమే.