గోడ మీద లావు అక్షరం

వరంగల్ స్టేషన్ రోడ్డులో బోర్డులు రాసే ఖాజా మొహినుద్దీన్ అక్షరం దూరం నుంచే తెలిసిపోయేది. అంతా ఒకే లావు. తోకల్లేవు, మొనల్లేవు, కొసలన్నీ బొటనవేలి చివరలా గుండ్రం. కొస దగ్గర అరిగిన కుంచెను అదిమి మణికట్టు ఒక్క తిప్పు తిప్పేవాడు. బియ్యం మిల్లుకూ, లారీ వెనక్కూ, సోడా బండికీ అందరూ అదే అడిగేవారు. ఉరికే బస్సులోంచి కూడా చదవొచ్చు. చావు బోర్డుకు మాత్రం ఎంత బతిమాలినా దాన్ని వాడేవాడు కాదు.

"అది నవ్వుమొకపు అక్షరం భాయ్. ఏడ్సే ఇంటికాడ నవ్వుతదా?" అని సన్నగా, మొనదేలినట్టు రాసిచ్చేవాడు. అలాంటివి ఊళ్లో ప్రతి పెయింటరూ రాస్తాడు. ఎవరి చెయ్యో తెలియదు.

ఎనభై మూడు ఎండాకాలంలో, పత్తి మిల్లు గేటు ముందు, పట్టపగలు హమాలీ గట్టయ్యను గొడ్డళ్లతో నరికారు. కూలి పెంచేదాకా బస్తా దించేది లేదన్నందుకు కాంట్రాక్టర్ వెంకట్రాజం చేయించిన పని. మెడ సగం తెగి వేలాడింది. కింద రాలిన పత్తి ఎర్రగా ముద్దయింది. చూసినవాళ్లంతా చూడలేదన్నారు.

మర్నాడే వెంకట్రాజం మనిషి సారంగపాణి ఖాజా దుకాణం ముందు నిలబడ్డాడు. "ఏ గోడ మీదన్న మా పటేలు పేరు నీ రాతల కనబడ్డదనుకో, అన్నం కలుపుకునే చెయ్యి గూడ ఉండది సాబ్."

ఆ సాయంత్రం గట్టయ్య భార్య యాకమ్మ వచ్చింది. "మిల్లు ఎదురుంగ మా హమాలీ సంఘం గోడున్నది. గట్టయ్యను సంపింది వెంకట్రాజమే అని రాయన్నా."

"రాస్త చెల్లె. సన్నక్షరం రాస్త."

"సన్నది ఎవలకు కనబడుతదన్నా? మా ఆయనకు సదువు రాకపాయె. నీ లావు రాత జూసే ఏ దుకాణమేదో గుర్తువట్టెటోడు. గదే రాయి."

"అది నవ్వుతది చెల్లె."

"నవ్వనియ్. వాని మొకం మీదనే నవ్వనియ్."

ఖాజా తన కుడిచేతిని చూసుకున్నాడు. లావుగా రాస్తే కింద పేరు పెట్టుకున్నట్టే. అయినా తెల్లారి ఆ గోడకు నిచ్చెన వేశాడు. యాకమ్మ కింద రంగు డబ్బా పట్టుకుని నిలబడింది. ఎర్ర ఎనామిల్‌తో రాసుకుంటూ చివరి అక్షరం దాకా వచ్చాడు. దాని కొస తిప్పి కుంచె ఎత్తేలోపే వెంకట్రాజం మనుషులు నిచ్చెనను తన్నారు.

కింద పడ్డవాణ్ని కట్టెలతో బాదారు. పక్కటెముకలు విరిగిన చప్పుడు ఆయనకే వినపడింది. ఇద్దరు చేతిని రాయి మీద అదిమి పట్టుకుంటే, సారంగపాణి ఇనుప రాడ్ ఎత్తాడు. "ఇగ తిప్పు బే మణికట్టు!" మళ్లీ మళ్లీ కొట్టాడు. యాకమ్మ రంగు డబ్బా ఎత్తి వాడి కళ్లలో కుమ్మరించింది. వాళ్లు ఆమె తల పగలగొట్టి, గోడకు సున్నం కొట్టి పోయారు.

దవాఖానలో యాకమ్మ తలకు కుట్లు పడ్డాయి. ఖాజా ఎముకలు అతికాయి, మణికట్టు తిరగలేదు. వానాకాలంలో సున్నం కారిపోయి, ఎర్రటి గుండ్రక్షరాలు మళ్లీ బయటపడ్డాయి. బస్సులు అక్కడ నెమ్మదించేవి.

తర్వాత ఖాజా బోర్డులు రాశాడు గానీ, కొసలన్నీ కోసుకుపోయినట్టే ఉండేవి. "పాత గుండ్రం రాత కావాలె ఖాజన్నా" అని ఎవరైనా అడిగితే, ఎడమచేత్తో మిల్లు దిక్కు చూపేవాడు.

"అది ఆ గోడ మీదున్నది. పోయి సూసుకో."