అక్క దాచిన నెగిటివ్

ఆ గురువారం పొద్దున నేను దీపం పెడుతుండగా నౌపడ నుంచి ఫోనొచ్చింది. మా తోటికోడలు, అంటే మా బావగారి భార్య, పోయింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. దణ్ణం పెట్టుకున్నాను. కానీ మీకు నిజమే చెప్పాలి. ఆమె మీద నాకున్న అసూయ ఆ దణ్ణంతో పోలేదు.

మా ఆయన పోయి పదేళ్ళు. అంతకుముందే మా పెళ్ళి ఆల్బమ్‌కి చెదలు పడితే, ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, పాతవాటిని నెగిటివ్‌లతో సహా భోగి మంటలో వేశాం. వేసింది నేనే. తరవాత తీసినవీ అందులోనే దాచాం. ఆయన పోయిన రెండో ఏడు ఆ కంప్యూటర్ డిస్కు తెరుచుకోలేదు. శ్రీకాకుళంలో బాగుచేసేవాడు "ఇందులో ఏటీ నేదమ్మా" అని చేతికిచ్చేశాడు. ఇక నాకు మిగిలింది ఆధార్ కార్డు మీది మొహం. అది ఎవరిదైనా కావచ్చు.

అక్కకి అన్నీ ఉన్నాయి. ఉప్పుమళ్ళ గాలికి ఇనుప గేట్లే రాలిపోయే ఊళ్ళో ఆమె నెగిటివ్‌లు చెక్కుచెదరలేదు. స్టీలు డబ్బా అడుగున వేయించిన బియ్యం మూట పెట్టి, చెమ్మ తగలకుండా వాటిని పైన పేర్చేది. వానాకాలమంతా ప్రతి అమావాస్యకీ బియ్యం మార్చేది.

ఒకదాంట్లో పందొమ్మిదేళ్ళ మా ఆయన, అక్కావాళ్ళ పాపని ఎత్తుకుని, పక్కన అక్క. నేను చూడని వయసు. ఫొటో ఎప్పుడో వెలిసిపోయింది, నెగిటివ్ నిలిచింది. ఇమ్మని అడిగాను.

"ఇయ్యనే. నీ సేతికిస్తే మంటలో ఏసేస్తావు," అంది నవ్వుతూ.

"ఫొటో కడిగించి తెచ్చేస్తానక్కా."

"ఇప్పుడెవుడు కడుగుతాడే? గడప దాటనియ్యను. సూడాలంటే రా, అన్నం తిని, సూసుకొని ఎల్లు."

వెళ్ళేదాన్ని. చేతులు కడిగి తుడుచుకున్నాకే డబ్బా తీసేది. "అంచులు పట్టుకోవే, మొహం మీద ఏలెట్టకు" అనేది. నా భర్తని చూడటానికి ఆమె అనుమతి కావాలా అని ఇంటికొచ్చేదాకా కుమిలేదాన్ని. పూజలో కూర్చున్నా ఆ డబ్బాయే కళ్ళముందు. ఆమె అంత గట్టిగా పట్టుకోబట్టే అది ఉందని నాకు తెలుసు. ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు.

పదకొండో రోజున ఆమె కూతురు, ఆనాటి పాపే, నా చేతిలో ఒక కవరు పెట్టింది. "అమ్మ నీకిమ్మంది పిన్నీ. మంటకి దూరంగా ఉంచమంది."

కవరులోంచి తీసి, కిటికీ దగ్గర అంచులు పట్టుకుని వెలుతురుకి ఎత్తాను. నెగిటివ్‌లో నలుపంతా తెలుపు. జుట్టు నెరవకుండానే పోయిన మా ఆయన తల తెల్లగా ఉంది. పక్కన అక్క తలా తెల్లగానే ఉంది. ఇద్దరూ కలిసి ముసలివాళ్ళయి, నా వైపు చూస్తున్నారు.