మీటింగులో మా అమ్మ పిలుపు

మాది అండమాన్‌లోని ప్రోతరాపూర్. ఇంట్లో తెలుగు, గడప దాటితే అందరితోనూ హిందీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాను. అందులో ఏది కావాలంటే అది మార్చుకోవచ్చని తెలిశాక నన్ను పట్టేవాళ్లు లేకపోయారు. రంగులు మార్చాను, ఐకాన్లు మార్చాను, తెర మీద నాన్న పడవ ఫొటో పెట్టాను. చివరికి బ్యాటరీ అయిపోయేముందు మోగే శబ్దం తీసేసి, అమ్మ గొంతు రికార్డు చేసి పెట్టాను.

ఆ సంగతే మరిచిపోయి ఆఫీసు మీటింగులో అదే ల్యాప్‌టాప్‌ను పెద్ద స్పీకర్లకు కలిపాను. హిందీలో వివరిస్తూ మంచి ఊపులో ఉండగా హాలు దద్దరిల్లింది.

"ఓలమ్మీ, కూడు చల్లారిపోతంది, జల్దీ వచ్చీ!"

నా ప్రాణం పోయినంత పనైంది. "సర్, బ్యాటరీ ఖతమ్ హో రహీ హై" అని గొణిగాను.

ఎప్పుడూ హిందీ తప్ప మాట్లాడని మా పెద్దసారు పగలబడి నవ్వారు. "మాయమ్మా ఇలాగే పిలిసీదమ్మా. ముందు చార్జరెట్టు" అన్నారు, అచ్చం మా ఇంటి తెలుగులో.

"మాయమ్మ కూడా సర్" అంది వెనక వరుసలోంచి ఇంకో గొంతు.

అప్పటిదాకా మేం ముగ్గురం ఒకరితో ఒకరం హిందీలోనే మాట్లాడుకున్నాం. ఆ శబ్దం నేనింకా మార్చలేదు. ఆఫీసులో ఉన్నప్పుడు చార్జర్ మాత్రం కావాలనే కాస్త ఆలస్యంగా పెడతాను.