అమ్మవారి ముందు ఆగిన మెయిలు

మొన్న బ్యాంకుకు పోతే కౌంటరులో అబ్బాయి తల కూడా ఎత్తకుండా "సర్వర్ లేదమ్మా, సాయంత్రం రాండి" అన్నాడు. నా వెనక నిలబడ్డ పెద్దాయన ఒకరు "రోజూ యాడికి పోతాదప్పా అది?" అని విసుక్కుంటే అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది గానీ సగంలోనే ఆగిపోయింది. ఒకప్పుడు మా ఇంట్లోనూ ఒక సర్వర్ ఉండేది. ఎక్కడికీ పోయేది కాదు పాపం. మేమే దాన్ని పోనివ్వలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. రాజంపేటలో పుట్టి, కంప్యూటర్ డిప్లొమా ఒకటి సంపాదించుకుని, కర్నూలు పాత ఊళ్లో శనక్కాయల వ్యాపారం చేసే ఇంటికి చిన్న కోడలిగా వచ్చాను. కింద అంగడి, పైన ఇల్లు, మొత్తానికి ఒకటే ఫోను. ఆ ఫోను మా మామకు ఊపిరి. కోయిలకుంట్ల నుంచి, నందికొట్కూరు నుంచి ధరలు దాంట్లోనే రావాలి. ఇంటర్నెట్టు కూడా దాంట్లోనే రావాలి. నేను కంప్యూటర్ ముందు కూర్చోగానే కింద నుంచి కేక వినపడేది: "అమ్మాయీ, తీగ ఇడిసిపెట్టు తల్లీ, రేటు పడిపోతాండాది!" బొంబాయి వ్యాపారులేమో ఏదైనా మెయిలులోనే రాయమంటారు. ఈ గోల పడలేక, మూలన పడి ఉన్న పాత కంప్యూటరు ఒకదాన్ని దులిపి, పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలోంచి ఒక ప్రోగ్రాము ఎక్కించాను. మనం రాసిన మెయిళ్లన్నీ అది తన దగ్గర వరసలో దాచిపెట్టుకుంటుంది. పొద్దున అంగడి తెరవకముందు ఒకసారి, సాయంత్రం కట్టేశాక ఒకసారి తనే ఫోను కలిపి, మాకు ఇంటర్నెట్టు ఇచ్చే కంపెనీవాళ్ల పెద్ద సర్వరుకు అప్పజెప్పుతుంది. వచ్చిన మెయిళ్లు కూడా అదే దించి దాస్తుంది. మా ఇంటి సర్వరు అదే. చెప్పడానికి ఇంతే. చేయడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఏం రాసినా ఆ పెద్ద సర్వరు "నువ్వెవరో నాకు తెలీదు, నీ మెయిలు నేను మోయను" అని ఇంగ్లీషులో మర్యాదగా తిప్పికొట్టేది. చివరికి ఒకరోజు వరసంతా ఖాళీ అయిపోయింది. ఆ ఆనందంలో పొయ్యి మీద పెట్టిన వంకాయ కూర సంగతి మరిచాను. ఆ పూట అందరూ పచ్చడితోనే తిన్నారు.

మా మామకు దాన్ని అర్థం చేయించడం ఇంకో కథ. "రాసిన జాబులు యాడుంటాయమ్మా?" అని అడిగారు. ఈ పెట్టెలోనే క్యూలో ఉంటాయి మామా అన్నాను. "రేషన్ షాపు మాదిరా? తోపులాట లేకుండా ఎవురు సూసుకుంటారు?" ప్రోగ్రాము చూసుకుంటుందని చెబితే కాసేపు ఆ పెట్టె వంక చూసి, "శానా బుద్ధిమంతురాలే" అన్నారు. అప్పటినుంచి దాని మీద ఆయనకు ఒక గౌరవం. పక్కనుంచి పోతే కాలు తగలకుండా పోయేవారు.

ఇక మా వదిన. మా ఆయనకు అక్క. లెక్కల్లో ఎమ్మెస్సీ. కాపురం సాగక, పెళ్లయిన కొన్నాళ్లకే పుట్టింటికి వచ్చేసి, ముందు గదిలో పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండేది. పిల్లలకు ఆమె అంటే హడలు, నాకు ప్రాణం. ఉద్యోగం చేస్తానని ఎన్నేళ్లుగానో అడుగుతోంది. మా మామ అరిచేవారు కాదు, కొట్టేవారు కాదు. "సూద్దాంలేమ్మా" అనేవారు. ఆ సూద్దాం అనే మాటకు ఎదురు చెప్పడానికి ఏముంటుంది? అరిచే మనిషైతే పోట్లాడొచ్చు. ఆ ఏడు మస్కట్‌లో మనవాళ్ల పిల్లలు చదివే బడి ఒకదానికి, మా పెట్టెలోంచే, ఆమె దరఖాస్తు పంపింది. ఉద్యోగం ఇస్తామని వాళ్ల జవాబు వచ్చింది. వస్తారో రారో ఫలానా తేదీన ఆఫీసు మూసేలోపు మెయిలులో చెప్పమన్నారు, లేకపోతే తర్వాతి మనిషిని తీసుకుంటామన్నారు. ఆ తేదీ మాకు సరిగ్గా విజయదశమి. ఇంట్లో మళ్లీ సూద్దాం మొదలైంది. వదిన తిండి తగ్గించింది, మాట తగ్గించింది. మహర్నవమి నాటి మధ్యాహ్నం, భోజనం ముందు కూర్చుని, ఎవరూ అడగకుండానే మా మామ అన్నారు: "పోమ్మా. పోయి నీ బతుకు నువ్వు బతుకు."

వదిన చేయి కూడా సరిగా కడుక్కోకుండా వెళ్లి, వస్తున్నానని రాసి బటను నొక్కింది. అది వరసలో చేరింది. సాయంత్రం అంగడి కట్టేశాక పోతుంది, ఇంకా ఒక రోజు గడువుంది, భయమేమీ లేదనుకున్నాను. ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజు నాకు నెలసరి. పూజ జరిగే ఇంట్లో నా స్థానం వెనక వరండా, ఒక చాప, ఒక చెంబు. కిటికీలోంచి చూడడమే తప్ప గడప తొక్కకూడదు. సాయంత్రం ఆయుధపూజ. తక్కెడ వచ్చింది, రాళ్లు వచ్చాయి, చిట్టా పుస్తకాలు వచ్చాయి. అంతలో మా మామ నా పెట్టెను తీగలన్నీ పీకి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి అమ్మవారి ముందు పీట మీద పెట్టారు. పసుపు, కుంకుమ, మీద ఒక చామంతి దండ.

"మామా, వదిన మెయిలు ఇంకా దాంట్లోనే ఉంది!" అని కిటికీలోంచి అరిచాను. ఆయన వెనక్కి తిరిగి ఎంత సంతోషంగా చెప్పారనీ. "తెలుసమ్మా. అందుకే కదా ఈడ పెట్టినా! మన బిడ్డ జాబు అమ్మవారి ముందర ఒక రేయి ఉండనీ. రేపు జమ్మి కొట్టొచ్చి, మంచి గడియలో పంపుదాం. విజయదశమి కంటే మంచి దినం యాడుండాది?" మస్కట్‌లో ఆఫీసు మధ్యాహ్నానికే మూసేస్తారని చెప్పాను. గంటలో పని, తీగ తగిలిస్తే చాలు అన్నాను. "పీట మీద పెట్టినదాన్ని ఉద్వాసన చెప్పకుండా లేపితే అరిష్టమమ్మా. కొత్తగా పొయ్యే బిడ్డకు అరిష్టం కట్టి పంపమంటావా?" అన్నారు. కోపంగా అని ఉంటే బాగుండేది. కళ్లనీళ్లు పెట్టుకుని అన్నారు. వదిన గడప దగ్గర నిలబడి ఆ పెట్టెను చూసింది, తండ్రిని చూసింది, నన్ను చూసింది.

మర్నాడు పొద్దున్నే మా ఆయన నడుచుకుంటూ బయల్దేరాడు. స్కూటరు కూడా పూజలోనే ఉంది మరి! ఊళ్లో ఇంటర్నెట్టు సెంటర్లన్నిటికీ షట్టరు దించి అరటి పిలకలు కట్టి ఉన్నాయట. చివరికి ఒక సాయిబు సెంటరు తెరిచి ఉందని తెలిసి వదినను తీసుకుపోయాడు. సాయిబు మంచివాడు, "కూర్చోమ్మా, ఎంతసేపైనా రాసుకో" అన్నాడట. అయితే ఎవరికి రాయాలి? ఆ బడి మెయిలు అడ్రసు, ఫోను నంబరు, వాళ్లు రాసిన జాబు, అన్నీ మా పెట్టెలోనే ఉన్నాయి. పెట్టె పీట మీద ఉంది. గుర్తున్నట్టు తోచిన అడ్రసులన్నిటికీ వదిన రాసింది. రాసినవి రాసినట్టు తిరిగొచ్చాయి. ఇంటికొచ్చి వరండాలో నా చాపకు కాస్త ఎడంగా కూర్చుంది. "లెక్కల సూత్రాలన్నీ నోటికొస్తాయి కదే, ఒక అడ్రసు యట్లా రాకపాయె?" అంది. వేళ్ల కొసల్లో ఉన్న పని. ఇంట్లో ఇంకెవరికీ రాని పని. ఆ పెట్టేమో పది అడుగుల దూరంలో చామంతి దండ వేసుకుని కూర్చుంది. ఆ రోజు గడియారం వైపు చూడకుండా ఉండడానికి, దొడ్లో ఆరేసిన గుడ్డలను లెక్కపెట్టాను.

పొద్దుగూకాక మా మామ జమ్మి ఆకు తెచ్చి, ఉద్వాసన చెప్పి, పెట్టెను యథాస్థానంలో పెట్టారు. వెంటనే ఫోను కలపమని పెట్టెకు ఇవ్వాల్సిన ఆదేశాన్ని నేను కిటికీలోంచి ఒక్కొక్క అక్షరమే చెబుతుంటే వదిన కొట్టింది. మోడెము కీచుమంది, గరగరలాడింది, వరస ఖాళీ అయింది. మా మామ పెట్టె మీద అక్షింతలు వేశారు. మర్నాడు పొద్దున పెట్టె ఫోను కలపగానే జవాబు దిగింది. ఆఫీసు మూసేదాకా చూశామనీ, వేరొకరికి మాట ఇచ్చేశామనీ, వదినకు అంతా మంచి జరగాలనీ రాశారు.

"ఏమంటాండారమ్మా?" అని పక్కనే నిలబడి అడిగారు మా మామ.

"ఇంగొకరు చేరినారంట నాయనా."

ఆయన అట్లాగే గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయారు. "నీ మంచికే పెట్టినా గదమ్మా" అన్నారు.

"తెలుసు నాయనా" అంది వదిన. లేచి మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఆ తెలుసు అన్న మాట విని నేను చాప మీద పడి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. సాయంత్రం పిల్లలొస్తే ట్యూషను చెప్పింది.

తర్వాత ఆమె ఎక్కడికీ దరఖాస్తు పెట్టలేదు. పెట్టమని మా మామే బతిమాలేవారు, ఆయన కన్నుమూసేదాకా. ఇప్పుడు ఆమెకు అరవై దాటాయి, ఆ ముందు గదిలోనే ఇంకా లెక్కలు చెబుతుంది. ఒక మాట కోసం అన్నేళ్లు ఓపిగ్గా ఎదురుచూసిన కాలమే, తీరా ఆ మాట వచ్చాక, ఆమె కోసం ఒక్క పూట ఆగలేకపోయింది.